పెరటి గదిలో రెండు గీతలు

ఇంటి వెనక పెరట్లో వేరుగా ఒక గది ఉండటం తెలుగు ఊళ్లలో కొత్తేమీ కాదు. ఒకప్పుడు అది వడ్ల గదో, పశువుల కొట్టమో, వంటపాకో అయ్యేది. 2020 తర్వాత చాలా ఇళ్లలో అదే గదికి టైల్స్ వేసి, ఏసీ బిగించి, ఇంటి నుంచి పనిచేసే కొడుకుకో కోడలికో ఆఫీసుగా మార్చేశారు. టేబులు, కుర్చీ, ఇన్వర్టరు అన్నీ అమరాక చివర్లో గుర్తొచ్చేది ఇంటర్నెట్. ఫోను తీసి చూస్తే వైఫై రెండు గీతలు కనిపిస్తాయి. వస్తోంది కదా అని అందరూ నిశ్చింతగా ఉంటారు. సోమవారం పొద్దున మీటింగులో మాటలు తెగిపోవడం మొదలయ్యాక టెన్షన్ మొదలవుతుంది.

ఆ గీతలు చెప్పేది ఒక్క సంగతే: రౌటరు మాట ఫోనుకు వినిపిస్తోందని. ఫోను మాట రౌటరుకు వినిపిస్తోందో లేదో వాటిలో తెలియదు. ఇంటి రౌటరు 2.4 గిగాహెర్ట్జ్‌లో సుమారు 100 మిల్లీవాట్ల శక్తితో పంపుతుంది. బ్యాటరీ ఆదా చేసుకోవాల్సిన ఫోను దాదాపు అందులో మూడోవంతుతో సరిపెట్టుకుంటుంది. అందుకే వీడియో చూస్తే కాస్త నడుస్తుంది, మాట్లాడబోతే అవతలివాళ్లకు వినపడదు.

ఈ లెక్కను ఒక్కసారి అంకెల్లో వేసి చూస్తే సగం చిక్కు విడిపోతుంది. సిగ్నల్ బలాన్ని డీబీఎంలలో కొలుస్తారు. సున్నా డీబీఎం అంటే ఒక మిల్లీవాట్. 10 తగ్గితే శక్తి పదో వంతు, 3 తగ్గితే సగం. ఈ తేడాలనే డెసిబెల్స్ అంటారు. 100 మిల్లీవాట్లంటే 20 డీబీఎం. పెరటి గది 40 మీటర్ల దూరంలో ఉందనుకుందాం. అడ్డేమీ లేని గాలిలో ఆ దూరం దాటేసరికి 2.4 గిగాహెర్ట్జ్ తరంగం 72 డెసిబెల్స్ పోగొట్టుకుంటుంది. మిగిలేది మైనస్ 52, ఇది చక్కటి సిగ్నలే. కానీ రౌటరు ముందు హాల్లో ఉంటుంది. హాలు గోడ, వంటింటి వెనక గోడ, పెరటి గది గోడ, మొత్తం మూడు. తొమ్మిది అంగుళాల ఇటుక గోడ ఒక్కోటి సుమారు 8 డెసిబెల్స్ మింగుతుందనుకుంటే ఫోనుకు చేరేది మైనస్ 76. ఫోను నుంచి తిరిగి రౌటరుకు చేరేది మైనస్ 81. వీడియో కాల్ ఒడిదుడుకులు లేకుండా సాగాలంటే మైనస్ 67 దగ్గరైనా ఉండాలన్నది నెట్‌వర్క్ పనివాళ్ల వాడుక లెక్క.

బయట దూరం రెట్టింపైన ప్రతిసారీ పోయేది 6 డెసిబెల్స్. ఆ లెక్కన మూడు గోడలు మింగిన 24 డెసిబెల్స్‌కు, గది 40 మీటర్లలో కాక 640 మీటర్ల అవతల ఉన్నంత నష్టం. పెరడు పెద్దదైపోయిందని అందరూ అనుకుంటారు గానీ, ఆ పెరట్లో పోయేదానికి తోడు ఇంట్లోనే ఇంత పోతోందని ఎవరికీ తట్టదు. 5 గిగాహెర్ట్జ్ పరిస్థితి ఇంకా కష్టం. ఉత్త గాలిలోనే మరో 7 డెసిబెల్స్ పోతాయి, గోడలూ ఎక్కువ మింగుతాయి. పెరట్లోకి అడుగుపెట్టగానే ఫోను 5 వదిలేసి 2.4కు దిగిపోయేది అందుకే.

గది గోడలు ఇటుకవి కాక ఇనుప రేకులవైతే ఈ లెక్కే అక్కర్లేదు. ఇనుప రేకు గుండా సిగ్నల్ దాదాపు పోదు. తలుపు సందుల్లోంచి, రేకుకూ గోడకూ మధ్య ఖాళీలోంచి దూరిందే లోపలికి. సిమెంటు రేకులైతే చాలా నయం. కోళ్ల షెడ్డుకో మిషన్ షెడ్డుకో వైఫై ఎందుకు రావట్లేదని అడిగేవాళ్లు ముందు చెప్పాల్సింది దూరం గురించి కాదు, రేకు గురించి.

ఇంటి నుంచి పెరటి గదికి నెట్ దాటించడం ఒక పని. ఆ గదిలో ఫోనుకు, లాప్‌టాప్‌కు పంచడం ఇంకో పని. ఈ రెండూ ఒకే రౌటరు చేత చేయించబోవడమే చాలామంది డబ్బు వృథా అయ్యే చోటు. బోరు నీళ్లు పొలానికి కావాలంటే పైపు వేసి గట్టుదాకా తెచ్చి, అక్కడినుంచి కాలవలు తీస్తారు. బోరు దగ్గర నిలబడి పొలం మీదికి నీళ్లు చిమ్మరు. వైఫై విషయంలో మాత్రం చిమ్మే గొట్టం ఇంకాస్త పెద్దది కొందామనే చూస్తారు.

ఆ పెద్ద గొట్టాల సంగతి త్వరగా ముగించవచ్చు. సాలీడు కాళ్లలా ఆరేడు యాంటెన్నాలు లేచిన రౌటరు కొన్నా, ఒక్కో యాంటెన్నా బలం సాధారణంగా 5 డీబీఐ దాకానే (శక్తిని ఒక దిక్కుకు ఎంత మళ్లిస్తుందో చెప్పే డెసిబెల్ కొలత ఇది). చట్టం పెట్టిన శక్తి హద్దులు దానికీ వర్తిస్తాయి, ఫోను శక్తి ఎలాగూ పెరగదు. రెండో ఉపాయం రిపీటరు, అంటే విన్న వైఫైని మళ్లీ పలికే డబ్బా. దాన్ని మధ్యలో పెట్టాలని డబ్బా మీదే రాసి ఉంటుంది. మధ్యలో అంటే జామచెట్టు కింద. అక్కడ ప్లగ్గు ఉండదు. పెరటి గదిలో పెడితే మైనస్ 76లో విన్న గొణుగుడునే గట్టిగా చదివి వినిపిస్తుంది. గీతలు నిండుగా కనిపిస్తాయి, నెట్ మాత్రం నత్తనడక. పైగా ఒకే ఛానల్లో వింటూ అదే ఛానల్లో తిరిగి పలికే రిపీటరు దగ్గర వేగం సగానికి పడిపోవడం దాని నడకలోనే ఉంది. ఇంటి వెనక గోడ కిటికీలో, పెరటి గది కనిపించేలా పెడితే కొంత పనిచేస్తుంది; రోజుకు నాలుగు వాట్సాప్ కాల్స్ చాలనుకునేవాళ్లు అక్కడితో ఆగిపోవచ్చు. ఒకే వైఫైని రెండుమూడు డబ్బాలు కలిసి పంచే మెష్ సెట్లు ఇంతకంటే తెలివైనవే. కానీ రెండు డబ్బాల మధ్య లంకె గాలిలోనే ఉన్నంతకాలం వాటికీ ఆ మూడు గోడలే అడ్డం.

కరెంటు తీగల మీదే నెట్ పంపే పవర్‌లైన్ ఎడాప్టర్లని ఇంకో వస్తువు ఉంది. రెండు చోట్లా ఒకే మీటరు, ఒకే ఫేజు ఉంటేనే దానిమీద ఆశ పెట్టుకోవాలి. షెడ్డుకు వేరే సర్వీసు ఉంటే అది పనికిరాదు. అదే లైను మీద మోటారు నడుస్తుంటే ఉన్న వేగం కూడా కుదురుగా ఉండదు.

తీగ వేయగలిగితే

నెట్ దాటించడానికి గాలికంటే తీగ మేలు. ఇందులో పెద్దగా వాదన లేదు. ఈథర్నెట్ రాగి తీగకు హద్దు 100 మీటర్లు. అందులో 90 గోడల వెంట, పైపులో స్థిరంగా వేసే భాగం, మిగతా 10 చివర్లలో వాడే ప్యాచ్ కార్డులు. ఆ దూరంలో క్యాట్ 5ఈ తీగైనా ఒక గిగాబిట్ వేగం ఇస్తుంది. పెరటి గదికి క్యాట్ 6 వేసుకుంటే చాలు. క్యాట్ 7, క్యాట్ 8 అని అమ్మేవాటికి ఎక్కువ పెట్టడం షోకే.

ఇంత సులువు పని ఎక్కువగా చెడేది తీగ కొనే దగ్గరే. బజారులో చవకగా దొరికే తీగల్లో చాలావాటికి లోపల అల్యూమినియం, పైన రాగి పూత మాత్రమే ఉంటుంది. దుకాణాల్లో దీన్ని సీసీఏ అంటారు. బ్లేడుతో గీరితే లోపల తెల్లగా బయటపడుతుంది. ఒకే పొడవున్న రెండు కట్టలు చేత్తో ఎత్తి చూసినా బరువు తేడా తెలిసిపోతుంది. అల్యూమినియం రాగికంటే ఎక్కువ నిరోధం చూపుతుంది, రెండుమూడుసార్లు వంచితే విరుగుతుంది. ఉత్త డేటాకైతే తక్కువ దూరంలో ఎలాగో నెట్టుకొస్తుంది. అదే తీగలో కరెంటు కూడా పంపి అవతల యాక్సెస్ పాయింటునో (తీగలో వచ్చిన నెట్‌ను వైఫైగా పంచే డబ్బా) కెమెరానో నడిపించాలంటే మాత్రం, పగలంతా బాగుండి రాత్రి కెమెరాలో ఇన్‌ఫ్రారెడ్ లైట్లు వెలగగానే ఆగిపోయే రోగం పట్టుకుంటుంది. లైట్లు వెలిగితే కరెంటు ఎక్కువ లాగుతుంది, తీగలో వోల్టేజీ పడిపోతుంది, కెమెరా ఆరిపోతుంది. కొన్నవాళ్లు కెమెరాను తిట్టుకుంటారు. 305 మీటర్ల డబ్బా మీద పూర్తి రాగి అని ఉందో లేదో చూసి కొనడం ఒక్కటే దీనికి మందు.

బయట వేసేది బయటకు పనికొచ్చే నల్లటి తొడుగు తీగే కావాలి. ఇంట్లో వాడే బూడిదరంగు తీగ తొడుగు రెండు వేసవుల ఎండకే పెళుసెక్కి పగులుతుంది. భూమిలో వేస్తే హెచ్‌డీపీఈ పైపులో, రెండడుగుల లోతున, కరెంటు తీగ ఉన్న పైపులో కాకుండా వేరే పైపులో వేయాలి. పైన వేలాడదీస్తే కోతులున్న ఊళ్లో అది ఊయలే. ఉడతలు, ఎలుకలు తొడుగు కొరకడం కేబుల్ కుర్రాళ్లకు రోజూ కనిపించే దృశ్యం.

పిడుగు, రెండు ఎర్తులు

40 మీటర్ల రాగి తీగ చాలుననుకుంటే అక్కడితో వ్యాసం అయిపోవాలి. అయిపోనివ్వనిది మన ఆకాశం. 2018 ఏప్రిల్ 24న ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే 13 గంటల్లో 36,749 పిడుగులు నమోదైనట్టు రాష్ట్ర విపత్తు నిర్వహణ అధికారులు లెక్కచెప్పారు. పిడుగు నేరుగా ఇంటి మీద పడనక్కర్లేదు. నాలుగు వీధుల అవతల పడినా, రెండు కట్టడాల మధ్య సాగదీసి ఉన్న పొడవాటి లోహపు తీగలో ఆ క్షణంలో వోల్టేజీ పుడుతుంది. ఈథర్నెట్ పోర్టుల్లో చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు ఉండి 1,500 వోల్టుల దాకా అడ్డుకుంటాయి. అంతకుమించితే మర్నాడు రౌటరు వెలుగుతుంది, వైఫై వస్తుంది, పెరటి గదికి వెళ్లే పోర్టు ఒక్కటే చచ్చి ఉంటుంది. ల్యాండ్‌లైన్ బ్రాడ్‌బ్యాండ్ రోజులు గుర్తున్నవాళ్లకు ఇది కొత్త కాదు. ఉరుము వినబడగానే ఇంట్లో పెద్దవాళ్లు ముందు ఫోను వైరు పీకేసేవాళ్లు.

రెండో చిక్కు ఎర్తింగ్. ఇంటికి ఒక ఎర్తు గొయ్యి, షెడ్డుకు ఇంకో గొయ్యి. రెండు గోతుల్లో తేమ ఒకలా ఉండదు. ఒకటి ఏళ్ల తరబడి నీళ్లే ఎరుగదు. మోటారు లీకేజీ ఉన్నప్పుడో, దగ్గర్లో పిడుగు పడ్డప్పుడో ఒక ఎర్తుకూ ఇంకో ఎర్తుకూ మధ్య వోల్టేజీ తేడా వస్తుంది. లోపల రేకు చుట్టిన షీల్డెడ్ తీగ వేసి, షీల్డును రెండు చివరలా లోహపు కనెక్టర్లకు కలిపితే ఆ తేడా అంతా తీగ గుండానే సర్దుబాటు చేసుకుంటుంది. మంచిదని ఎక్కువ ధర పెట్టి కొన్న తీగే సామాన్లు తగలబెట్టడానికి దారి వేస్తుందన్నమాట. రెండు కట్టడాల మధ్య రాగే వేయాల్సి వస్తే షీల్డు లేని మామూలు తీగ వేయడం, లేదా షీల్డును ఒక్క చివరే ఎర్తు చేయడం, రెండు చివరలా ఉన్నట్టుండి ఎగసే వోల్టేజీని ఎర్తులోకి మళ్లించే సర్జ్ ప్రొటెక్టర్లు పెట్టడం కనీస జాగ్రత్త. పెరటి గదికి ఇంటి మీటరు నుంచే, ఇంటి ఎర్తుతోనే కరెంటు వెళ్తుంటే ఈ భయం చాలావరకు తగ్గుతుంది.

ఇవన్నీ చూశాక గాజు తీగవైపు మనసు పోవడం సహజం. ఫైబర్ ఒకప్పుడు పెద్ద కంపెనీల వస్తువు. ఇప్పుడు కరెంటు స్తంభాల మీద ఊరూరా అదే వేలాడుతోంది. 2017 డిసెంబరులో ప్రారంభమైన ఏపీ ఫైబర్‌నెట్ స్తంభాల మీదుగానే ఇళ్లకు చేరింది. దాంతో చిన్న ఊళ్లోనూ గాజు పోగులను అతికించే స్ప్లైసింగ్ మెషిన్ చేతబట్టి తిరిగే కుర్రాడు దొరుకుతున్నాడు. పెరటి గదికి ఫైబర్ వేయడం ఇవాళ నిజంగా సులువైన పని కావడానికి కారణం ఆ కుర్రాడే. గాజులో కరెంటు పారదు. అందుకని పిడుగు వోల్టేజీ, ఎర్తు తేడా రెండూ అక్కడికక్కడే ఆగిపోతాయి. దూరం హద్దు 100 మీటర్లు కాదు, కిలోమీటర్లు. 40 మీటర్లకు వేసినా, 400 మీటర్ల అవతల కోళ్ల ఫారానికి వేసినా చివర్లలో పెట్టే సామాను ఒకటే. అవి రాగి తీగలోని నెట్‌ను వెలుగుగా, వెలుగును మళ్లీ నెట్‌గా మార్చే మీడియా కన్వర్టర్లనే చిన్న డబ్బాలు రెండు. ఒకటి 1310 నానోమీటర్ల వెలుగులో పంపి 1550లో వింటుంది, రెండోది సరిగ్గా దానికి తిరగబడి పనిచేస్తుంది. కాబట్టి ఒకే పోగు చాలు. కొనేటప్పుడు జతగా, ఒకటి ఏ, ఒకటి బీ తీసుకోవాలి. రెండూ ఒకే రకం తెచ్చి, లైటు వెలగట్లేదని రోజంతా కుస్తీ పట్టినవాళ్లు తక్కువేమీ లేరు. కనెక్టర్ల రంగు కూడా చూడాలి. ఇంటికొచ్చే కంపెనీ తీగ కొసన ఎక్కువగా ఆకుపచ్చ కనెక్టరు ఉంటుంది, కన్వర్టర్లు ఎక్కువగా నీలానికి చేసినవి. ఆకుపచ్చది కొస ఏటవాలుగా కోసిన గాజు, నీలం తిన్నగా ఉన్నది. ఒకదాన్ని ఇంకోదాంట్లో గుచ్చితే వెలుగు సరిగ్గా దాటదు, కొసలూ పాడవుతాయి.

దీంట్లో ఒక మెలిక ఉంది. ఇంటింటికీ వేసే నల్లటి డ్రాప్ కేబుల్లో గాజు పోగు పక్కనే దన్నుగా ఉక్కు తీగ ఉంటుంది. స్తంభానికి కట్టడానికి అది కావాలి. దాన్ని గోడ మీది కొక్కేనికి కట్టి అక్కడే కత్తిరించేయాలి. తీగతోపాటు ఇంట్లోకి, సామాన్ల దాకా తీసుకొస్తే గాజు వేసి సాధించిందేమీ ఉండదు. భూమిలో పైపులో వేసేవాళ్లు లోహమే లేని రకం అడిగి తెచ్చుకోవచ్చు. గాజు పోగు 125 మైక్రాన్ల మందం, మూలల్లో గట్టిగా మడిస్తే వెలుగు కారిపోతుంది. అరచేయి పట్టేంత వంపు ఇస్తే చాలు. తెగిన కొసలోకి కన్ను పెట్టి చూడకూడదు. అందులో వెలుగు కంటికి కనపడదు, హాని మాత్రం ఉంటుంది.

ఇంటికి ఎలాగూ ఫైబర్ వచ్చింది కదా, దాన్నే చీల్చి పెరటి గదికో కొస ఇవ్వకూడదా అని చాలామంది అడుగుతారు. స్ప్లిట్టర్ పెట్టి వెలుగును చీల్చవచ్చు, కష్టమేమీ కాదు. కానీ అవతల పెట్టే రెండో ఓఎన్‌టీ డబ్బాను (కంపెనీ ఫైబర్ వచ్చి చేరే డబ్బా ఇదే) కంపెనీ తన ఎక్స్ఛేంజీలో నమోదు చేసుకుంటేనే అది పలుకుతుంది. అంటే అది ఇంకో కనెక్షన్, ఇంకో నెల బిల్లు. పైగా చీలికతో వెలుగు సగమై, ఉన్న కనెక్షన్ కూడా పడిపోవచ్చు. కంపెనీ ఫైబర్ రౌటరు దగ్గర ముగుస్తుంది. రౌటరు తర్వాత పెరట్లోకి వేసేది ఇంటివాళ్ల సొంత ఫైబర్. రెంటినీ కలపకూడదు.

చెరువు గట్టు దాకా

తీగ వేయడానికి వీల్లేని చోట్లు ఉంటాయి. మధ్యలో పంట కాలువ, పంచాయతీ రోడ్డు, వేరొకరి చేను. భీమవరం, కైకలూరు వైపు రొయ్యల చెరువుల గట్ల మీద షెడ్లు ఊరికి దూరంగా ఉంటాయి. రాత్రిపూట ఏరియేటర్లు తిరుగుతున్నాయో లేదో కెమెరాలో చూసుకోవాలన్నది అక్కడి రైతు అవసరం. ఏరియేటర్లు ఆగితే నీళ్లలో ప్రాణవాయువు పడిపోయి, పంట మొత్తం తెల్లారేసరికి తేలిపోవచ్చు. అలాంటి చోట గాలి మార్గమే దిక్కు. కానీ అది ఫోనుకు పంచే వైఫై కాదు, రెండు చివరలా ఒకదానికొకటి ఎదురుగా చూసే దిశ యాంటెన్నాల జోడి.

మొదట వేసిన లెక్క మళ్లీ వేద్దాం. 300 మీటర్లు, 5.8 గిగాహెర్ట్జ్. గాలిలో పోయేది 97 డెసిబెల్స్. పంపేది అవే 100 మిల్లీవాట్లు, అంటే 20 డీబీఎం. రెండు చివరలా 13 డీబీఐ యాంటెన్నాలు. 20కి 13, 13 కలిపి 97 తీసేస్తే మైనస్ 51. పెరటి గదిలో 40 మీటర్లకే మైనస్ 76కు పడిపోయిన చోట, ఇక్కడ 300 మీటర్లకు మైనస్ 51. గోడలు తప్పించి, నలుదిక్కులా చిమ్మే శక్తిని ఒకే దిక్కుకు మళ్లించడం వల్ల వచ్చిన తేడా ఇది. టీపీ-లింక్ సీపీఈ510 లాంటి చిన్న డబ్బాలు ఈ కోవకు చెందినవే. ఇదేం కొత్త విద్య కూడా కాదు. 2000ల తొలి దశకంలోనే ఐఐటీ కాన్పూర్ పరిశోధకులు గంగా మైదానంలో మామూలు వైఫై సామానుతోనే పదుల కిలోమీటర్ల లంకెలు వేశారు. పశ్చిమ గోదావరిలో బైర్రాజు ఫౌండేషన్ ‘అశ్విని’ పేరుతో పల్లెలను ఇదే పద్ధతిలో కలిపింది. అప్పుడు దానికి టవర్లు, ఇంజనీర్లు కావాలి. ఇప్పుడు డాబా మీద జీఐ పైపు, రెండు క్లాంపులు చాలు.

చట్టం అడ్డు లేదు. 2.4 గిగాహెర్ట్జ్‌కు 2005లో కేంద్రం లైసెన్సు అక్కర్లేదంది. యాంటెన్నా బలంతో కలిపి 4 వాట్లు దాటకూడదన్నది షరతు. 2018 అక్టోబరులో 5 గిగాహెర్ట్జ్‌లో 605 మెగాహెర్ట్జ్ మేర ఆరుబయట వాడకానికి కూడా లైసెన్సు తీసేశారు. డబ్బాను తొలిసారి తెరిచినప్పుడు దేశం దగ్గర ఇండియా అని పెడితే హద్దులన్నీ అదే చూసుకుంటుంది.

అడ్డొచ్చేది చెట్లు. అవతలి డబ్బా కంటికి కనిపిస్తే చాలనుకుంటారు. తరంగం దారంలా సాగదు. మధ్యలో ఉబ్బి చివర్లు సన్నబడిన దోసకాయ ఆకారంలో చోటు తీసుకుంటుంది. 300 మీటర్లకు 5.8 గిగాహెర్ట్జ్‌లో ఆ దోసకాయ సగం మందం నట్టనడుమ సుమారు 2 మీటర్లు. 2.4లో అయితే 3 మీటర్లు. అందులో కనీసం అరవై శాతం ఖాళీగా ఉండాలి. మే నెలలో కొబ్బరి మట్టల సందుల్లోంచి చక్కగా కనిపించిన షెడ్డు ఆగస్టుకల్లా మట్టలు వాలి, ఆకులు తడిసి మసకబారుతుంది. వానకు సిగ్నల్ పోయిందంటారు. 300 మీటర్ల దూరంలో వాన చుక్కలు 5 గిగాహెర్ట్జ్‌ను చేసేదేమీ లేదు, నీళ్లు నిలిచిన ఆకులే తాగేస్తాయి. అందుకే సరిచూసుకోవాల్సింది వేసవిలో కాదు, వానాకాలం మధ్యలో.

చెరువు మీదుగా వేసే లంకెకు ఇంకో చిత్రమైన ఇబ్బంది ఉంది. నిలకడ నీళ్లు అద్దంలా పనిచేస్తాయి. నేరుగా వచ్చే తరంగం, నీటి మీద తగిలి ఎగసి వచ్చే తరంగం రెండూ కలిసి కొన్నిచోట్ల ఒకదాన్నొకటి చంపుకుంటాయి. అన్నీ సరిగ్గానే ఉన్నా సిగ్నల్ ఉండాల్సినదానికంటే బాగా తక్కువ వస్తుంటే, ఒక చివర డబ్బాను పైపు మీద అడుగో అడుగున్నరో పైకో కిందికో జరిపి చూడాలి. చాలాసార్లు అంతే మందు. ఈ సంగతి తెలియక సామాను మార్చుకుంటూ పోయేవాళ్లకు ఖర్చే ఖర్చు.

రేడియో లంకె రెండు కట్టడాలను లోహంతో కలపదు కాబట్టి ఎర్తుల గొడవ ఉండదు. కానీ రెండు చివరలా డాబా మీదికి పాకిన రాగి తీగ ఆకాశం కిందే ఉంటుంది. చుట్టుపక్కల కొబ్బరి చెట్టుకంటే, నీళ్ల ట్యాంకుకంటే ఎత్తుకు పైపు లేపకపోవడం, తీగ ఇంట్లోకి దిగే చోట ఎర్తు చేసిన సర్జ్ ప్రొటెక్టరు పెట్టడం తప్పదు.

దాటించాక

అవతల చేరాక పంచే పని నిజానికి చాలా తేలిక, కానీ ఇక్కడ ఒక్క తప్పు ఇంట్లో అందరి నెట్‌నూ కొల్లేరు చేస్తుంది. పాత రౌటరు మూలన పడుందిగా, దాన్నే పెరటి గదిలో పెడదామనుకుంటారు. మంచి ఆలోచనే. కానీ ప్రతి రౌటరూ తనను తాను ఇంటి పెద్ద అనుకుంటుంది, వచ్చిన ప్రతి ఫోనుకూ చిరునామా తనే ఇస్తుంది. ఒకే నెట్‌వర్క్‌లో ఇద్దరు పెద్దలు చిరునామాలు పంచితే కొన్ని ఫోన్లకు నెట్ ఉంటుంది, కొన్నిటికి ఉండదు. ఏది ఎప్పుడు పోతుందో తెలియదు. పాత రౌటరు సెట్టింగుల్లో యాక్సెస్ పాయింట్ మోడ్ ఉంటే అది ఎంచుకుంటే సరి. లేకపోతే దాని చిరునామాను 192.168.1.2 లాంటి, మొదటిదానితో తగువు లేని అంకెకు మార్చి, చిరునామాలు పంచే డీహెచ్‌సీపీ ఆపేసి, తీగను వ్యాన్ అని రాసున్న దాంట్లో కాక లాన్ పోర్టులో గుచ్చాలి. వైఫై పేరు, పాస్‌వర్డు రెండు చోట్లా ఒకటే పెట్టుకోవచ్చు. 2.4లో ఛానళ్లు మాత్రం వేరుండాలి. ఇంట్లో 1 అయితే పెరట్లో 6 లేదా 11.

ఇనుప రేకుల షెడ్డయితే యాక్సెస్ పాయింటు లోపల, రేడియో డబ్బా బయట ఉండాలి. ఎంత వేగం కావాలన్న ప్రశ్నకూ ఇక్కడే జవాబు చూసుకోవచ్చు. స్పష్టమైన వీడియో కాల్‌కు 2, 3 మెగాబిట్లు. ఓ మంచి కెమెరాకు సుమారు 2. నాలుగు కెమెరాలు, ఒక ఆఫీసు లాప్‌టాప్ కలిపినా 20 దాటదు. 100 మెగాబిట్లు ఇచ్చే చవక రకం కన్వర్టరు, రేడియో జోడి దీనికి పుష్కలం. గిగాబిట్ సామాను కోసం రెట్టింపు పెట్టాల్సిన పని చాలా షెడ్లలో లేదు.

ఇక కరెంటు. ఇంట్లో ఓఎన్‌టీ, రౌటరు, కన్వర్టరు, అవతల కన్వర్టరు, యాక్సెస్ పాయింటు. ఈ గొలుసులో ఏ ఒక్కటి ఆరినా నెట్ ఆగినట్టే. రౌటరుకు ఒక్కదానికే మినీ యూపీఎస్ పెట్టి, పక్కన అయిదు వోల్టుల కన్వర్టరును మామూలు ప్లగ్గులో వదిలేసే ఇళ్లు ఎన్నో. ఇంటి ఇన్వర్టరు లైను మీదికి ఇవన్నీ తేవడం తేలిక. మోటారు షెడ్డు దగ్గర కుదరదు. వ్యవసాయ సర్వీసు మోటారు కోసం ఇచ్చింది, ఆంధ్రప్రదేశ్‌లో అది పగటిపూట 9 గంటలే. రేడియో డబ్బాకు 6 వాట్లు, చిన్న నెట్‌వర్క్ స్విచ్చికి 4, రెండు కెమెరాలకు 10 వేసుకున్నా మొత్తం 20 వాట్లు. రోజుకు 480 వాట్ అవర్లు. నాలుగు గంటల మంచి ఎండ, మూడోవంతుకు దగ్గరగా నష్టాలు లెక్కేస్తే దానికి 200 వాట్ల సోలార్ పలక కావాలి. ఇంటి ఇన్వర్టరుకు వాడే 150 ఏహెచ్ బ్యాటరీని సగానికి మించి దింపకుండా నడిపితే, పలక మీద ఎండ పడకపోయినా రెండు రోజులకు కాస్త తక్కువగా లాగుతుంది. తుపాను ముసురు మూడో రోజుకు చేరితే రెండో కెమెరా ప్లగ్గు తీసేయాల్సిందే.